పరమాణు సంఖ్య ఒక్కటి తెలిస్తే మిగతా లెక్కంతా ఎలా తేల్చాలి: ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు, న్యూట్రాన్లు

మా అన్న కూతురు తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఓ ఆదివారం పొద్దున్నే నోటుబుక్కు పట్టుకొచ్చి "బాబాయ్, బ్రోమిన్‌లో న్యూట్రాన్లు ఎన్ని?" అంది. గోడ మీద ఆవర్తన పట్టిక చార్టు ఉంది కదా అని చూశాను, పైన 35 ఉంది, కింద 79.90 ఉంది, 79.90 అంటే దాదాపు 80, అందులోంచి 35 తీసేస్తే 45, టకీమని చెప్పేశాను, తను రాసుకుని వెళ్లిపోయింది. సాయంత్రం ఇంకేదో చదువుతుంటే తెలిసింది, 45 న్యూట్రాన్లున్న బ్రోమిన్ ప్రకృతిలో దొరకనే దొరకదట. ఉన్నవల్లా 44 ఉన్న రకం, 46 ఉన్న రకం. పప్పులో కాలేశానన్నమాట. పైగా ఆమె పుస్తకం వెనకాల ఇచ్చిన జవాబు కూడా 45 అనే ఉంది, అది ఇంకా చిత్రం.

ఆ బ్రోమిన్ సంగతికి మళ్లీ వస్తాను. ముందు లెక్క మొదటి నుంచి చేద్దాం. ఒక చార్టు, ఒక పెన్సిలు చాలు, కూడికలు తీసివేతలు తప్ప ఇందులో ఇంకేం లెక్కలూ లేవు.

మొదలుపెట్టే ముందు ఒక మాట గురించి. పేపర్లలో, టీవీల్లో అణు బాంబు, అణు విద్యుత్తు అని విని విని చాలామంది పిల్లలు అణువు అంటేనే ఆటమ్ అనుకుంటారు. మన సైన్సు పుస్తకాల్లో ఆటమ్‌ని పరమాణువు అంటారు, రెండో మూడో పరమాణువులు కలిసి కట్టుకున్నదాన్ని, అంటే మాలిక్యూల్‌ని, అణువు అంటారు. అందుకే మనం చెప్పుకునేది పరమాణు సంఖ్య. ఇంగ్లీషు మీడియం పిల్లలకు ఇదే అటామిక్ నంబర్, లెక్కల్లో జెడ్ అని రాస్తారు. ద్రవ్యరాశి సంఖ్య అంటే మాస్ నంబర్, దాన్ని ఏ అని రాస్తారు. ఈ రెండు అక్షరాలూ గుర్తుంటే చాలు.

మొదటి మెట్టు: చార్టులో పరమాణు సంఖ్య ఏదో పట్టుకోవడం

ఇది మరీ చిన్న విషయమే కానీ సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి. చార్టులో ప్రతి గడిలోనూ రెండు సంఖ్యలుంటాయి. చాలా చార్టుల్లో పరమాణు సంఖ్య పైన, ద్రవ్యరాశి కింద వేస్తారు, కొన్నింట్లో తిరగేసి వేస్తారు. ఇక పరీక్షలో మూలకం గుర్తు పక్కన రాసేటప్పుడేమో ద్రవ్యరాశి సంఖ్య పైన, పరమాణు సంఖ్య కింద రాయాలి. ఇలా పైనా కిందా అని గుర్తుపెట్టుకుంటే ఎప్పుడో ఒకప్పుడు దెబ్బ తింటారు. దాని బదులు ఏది చిన్నదో చూడండి. రెండింట్లో చిన్నది, దశాంశ బిందువు లేనిది, అదే పరమాణు సంఖ్య. హైడ్రోజన్ దగ్గర మాత్రం 1, 1.008 అని రెండూ దాదాపు ఒకటే ఉంటాయి, అక్కడ ఏది ఏదనుకున్నా పెద్ద నష్టం లేదు.

ఇంతకీ ఆ సంఖ్య అక్కడికి ఎలా వచ్చిందో తెలుసుకుంటే మిగతాదంతా సులువవుతుంది. 1869లో రష్యా శాస్త్రవేత్త మెండలీఫ్ పట్టిక తయారుచేసినప్పుడు ఆయనకు ప్రోటాన్ల సంగతే తెలియదు, పరమాణు భారాలను బట్టి వరస పేర్చాడు. కానీ టెల్లూరియం భారం 127.6, అయోడిన్ భారం 126.9, భారం ప్రకారమైతే అయోడిన్ ముందు రావాలి. అలా పెడితే అయోడిన్ తన చుట్టాలైన క్లోరిన్, బ్రోమిన్ల వరసలో పడదు. గుణాలు చూసి ఆయన టెల్లూరియాన్నే ముందు పెట్టాడు, దాని భారం కొలిచినవాళ్లే తప్పు కొలిచి ఉంటారనుకున్నాడు. కొలత తప్పు కాదు. తర్వాత ఆర్గాన్, పొటాషియం దగ్గర కూడా ఇదే పేచీ వచ్చింది, ఆర్గాన్ 39.95, పొటాషియం 39.10, అయినా ఆర్గానే ముందు రావాలి.

ఈ ముడి విప్పింది హెన్రీ మోస్లీ అనే ఇంగ్లండు కుర్రాడు. 1913లో ఒక్కో మూలకం నుంచి వెలువడే ఎక్స్‌రేల పౌనఃపున్యం, అంటే ఫ్రీక్వెన్సీ, కొలిచి, దాని వర్గమూలం తీసి చూస్తే, ఒక మూలకం నుంచి పక్క మూలకానికి వెళ్లేకొద్దీ అది మెట్టు మెట్టుగా, సమానంగా పెరుగుతోందని కనిపెట్టాడు. అంటే ఆ వరస సంఖ్య మనం సౌకర్యం కోసం వేసుకున్న హాజరు పట్టీ నంబరు కాదు, కేంద్రకంలో, అంటే పరమాణువు నడిమధ్య ప్రోటాన్లూ న్యూట్రాన్లూ ఉండే చోట, ఉన్న ధనావేశం లెక్క అది. దాని ప్రకారం వరస పెడితే 43, 61, 75 స్థానాలు ఖాళీగా తేలాయి, అక్కడ ఇంకా దొరకని మూలకాలు ఉండాలన్నాడు, తర్వాత ఆ మూడూ దొరికాయి. 43వది, టెక్నీషియం, దొరికింది 1937లో. అది చూడటానికి మోస్లీ లేడు, మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరి 1915 ఆగస్టులో టర్కీలోని గాలిపోలి దగ్గర తూటా తగిలి చనిపోయాడు, అప్పటికి వయసు 27.

రెండో మెట్టు: ప్రోటాన్లు

ఇక్కడ లెక్కేం లేదు. పరమాణు సంఖ్య ఎంతో ప్రోటాన్లు అన్ని. కార్బన్ 6 అంటే 6, ఇనుము 26 అంటే 26, యురేనియం 92 అంటే 92. ఏ పరిస్థితిలోనూ ఇందులో మార్పు లేదు, ఉప్పులో ఉన్నా, ఒంట్లో ఉన్నా, తుప్పు పట్టినా, కరిగినా, ఆవిరైనా అంతే. ఒక్క ప్రోటాన్ తేడా వచ్చిందంటే అది ఆ మూలకమే కాదు.

మన కథల్లో పరుసవేది అని ఉంటుంది కదా, ఇనుముకు తాకిస్తే బంగారం అయిపోతుందని. ఇనుము ప్రోటాన్లు 26, బంగారానివి 79. అంటే ఒక్కో పరమాణువులోకి ఇంకో 53 ప్రోటాన్లు దూర్చాలి. కాచినా, పుటం పెట్టినా, ఆమ్లంలో ముంచినా కదిలేవి బయటి ఎలక్ట్రాన్లే, కేంద్రకం జోలికి ఏ కొలిమీ వెళ్లలేదు, అందుకే రసవాదులు వందల ఏళ్లు మసి పూసుకున్నా ఫలితం లేకపోయింది. ఇప్పుడైతే అది నిజంగానే జరిగింది, కాకపోతే ఇనుముతో కాదు. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాలలో సీసం కేంద్రకాలను మహావేగంతో ఎదురెదురుగా పంపితే, ఢీకొనకుండా పక్కనుంచి దాటిపోయిన వాటిలో కొన్ని మూడేసి ప్రోటాన్లు పోగొట్టుకున్నాయి. సీసం 82, మూడు పోతే 79, బంగారం! 2015 నుంచి 2018 దాకా అలా పుట్టిన బంగారం మొత్తం దాదాపు 29 పికోగ్రాములని 2025లో ప్రకటించారు. ఒక గ్రాములో లక్ష కోట్లో వంతును పికోగ్రాము అంటారు, అది కూడా పుట్టిన మరుక్షణమే ముక్కలైపోయింది. పెళ్లి నగలకు ఇంకా దుకాణానికే వెళ్లాలి.

మూడో మెట్టు: ఎలక్ట్రాన్లు

మామూలు పరమాణువు, అంటే పక్కన ప్లస్సూ మైనస్సూ ఏమీ లేనిది అయితే ఎలక్ట్రాన్లు కూడా పరమాణు సంఖ్య అన్నే. ప్రోటాన్‌ది ఎంత ధనావేశమో ఎలక్ట్రాన్‌ది సరిగ్గా అంత ఋణావేశం, రెండూ సరిసమానంగా ఉంటేనే లెక్క సున్నాకు వస్తుంది.

గుర్తు ఉంటే అది అయాన్. పిల్లలు బోల్తా పడేది ఇక్కడే, ఎందుకంటే ప్లస్ అనగానే చేయి దానంతటదే కలిపేస్తుంది. సోడియం 11, పక్కన ప్లస్ 1 ఉంది కాబట్టి ఎలక్ట్రాన్లు 12 అని రాసేస్తారు. తప్పు, 10. దీనికి నేను చెప్పే కిటుకు మన తెలుగు మాటలోనే ఉంది. ఋణం అంటే ఏమిటి? అప్పు. ఎలక్ట్రాన్ ఒక అప్పు పత్రం అనుకోండి. జేబులో 11 రూపాయలు, 11 రూపాయల అప్పు ఉన్నవాడి దగ్గర మిగులు సున్నా. ఒక అప్పు పత్రం ఇంకొకడి నెత్తిన రుద్దేశాడు, ఇప్పుడు 11 రూపాయలు, 10 అప్పులు, ఒక రూపాయి మిగులు, అదే ప్లస్ 1. ఆ అప్పు నెత్తికెత్తుకున్నవాడు క్లోరిన్, 17 ప్రోటాన్లు అలాగే ఉన్నాయి, ఎలక్ట్రాన్లు 18 అయ్యాయి, మైనస్ 1. ఈ ఇద్దరూ కలిసిందే మనం పప్పులో వేసుకునే ఉప్పు.

కాబట్టి ప్లస్ ఉంటే అంత తీసేయండి, మైనస్ ఉంటే అంత కలపండి. ఇనుము మామూలుగా 26, ప్లస్ 2 అయితే 24, ప్లస్ 3 అయితే 23. ఆక్సిజన్ 8, మైనస్ 2 అయితే 10.

దీని మీద ఒక చిన్న పని చేసి చూడండి, నోటుబుక్కులో నిజంగా రాయండి. ఆక్సిజన్ మైనస్ 2, ఫ్లోరిన్ మైనస్ 1, మామూలు నియాన్, సోడియం ప్లస్ 1, మెగ్నీషియం ప్లస్ 2, అల్యూమినియం ప్లస్ 3. పరమాణు సంఖ్యలు వరసగా 8, 9, 10, 11, 12, 13. ఎలక్ట్రాన్లు లెక్కపెట్టండి. అన్నింట్లోనూ పదే! ఆరు వేరువేరు మూలకాలు, ఎలక్ట్రాన్లు మాత్రం సమానం. అందుకే ఎలక్ట్రాన్లను చూసి మూలకం పేరు చెప్పకూడదు. "పది ఎలక్ట్రాన్లున్నాయి కాబట్టి నియాన్" అని రాసి మార్కులు పోగొట్టుకునే పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు.

నాలుగో మెట్టు: న్యూట్రాన్లు

సూత్రం అందరికీ తెలిసిందే. ద్రవ్యరాశి సంఖ్యలోంచి పరమాణు సంఖ్య తీసేస్తే వచ్చేవి న్యూట్రాన్లు. ఎందుకంటే ద్రవ్యరాశి సంఖ్య అంటేనే ప్రోటాన్లూ న్యూట్రాన్లూ కలిపిన లెక్క. ఎలక్ట్రాన్లను లెక్కలోకి తీసుకోరు, ఒక ప్రోటాన్ బరువుకు తూగాలంటే దాదాపు 1836 ఎలక్ట్రాన్లు వేయాలి మరి. అయాన్ అయినా న్యూట్రాన్ల లెక్క మారకపోవడానికి కారణం కూడా అర్థమైంది కదా, బయట ఎలక్ట్రాన్లు వచ్చినా పోయినా కేంద్రకానికి పట్టదు.

సూత్రం సులువే, ద్రవ్యరాశి సంఖ్య ఎక్కణ్ణుంచి తెస్తారన్నదే అసలు చిక్కు. ప్రశ్నలో యురేనియం 235 అనో, కార్బన్ 14 అనో ఉంటే ఆ పేరు పక్కన ఉన్నదే ద్రవ్యరాశి సంఖ్య, నిశ్చింతగా తీసేయండి. యురేనియం 235లో 143 న్యూట్రాన్లు, యురేనియం 238లో 146. కడప జిల్లా తుమ్మలపల్లె గనిలో తవ్వే యురేనియంలో ఈ రెండూ కలిసే ఉంటాయి, వెయ్యి పరమాణువుల్లో ఏడు మాత్రం 235 రకం, మిగతా దాదాపు అన్నీ 238. రెండింటికీ ప్రోటాన్లు 92, కాబట్టి రెండూ యురేనియమే. ఇలా ప్రోటాన్లు అన్నే ఉండి న్యూట్రాన్లు మారితే వాటిని ఐసోటోపులంటారు.

చిక్కంతా చార్టులో ఉన్న దశాంశ సంఖ్యతోనే. అది ద్రవ్యరాశి సంఖ్య కాదు, సగటు. ప్రకృతిలో ఆ మూలకం ఐసోటోపులు ఏ పాళ్లలో ఉన్నాయో ఆ పాళ్ల ప్రకారం తీసిన సగటు ద్రవ్యరాశి. క్లోరిన్‌కు 35.5 దగ్గర రావడానికి కారణం, ప్రతి నాలుగు పరమాణువుల్లో ఇంచుమించు మూడు 35 రకం, ఒకటి 37 రకం. మూడు 35లు 105, ఒక 37 కలిపితే 142, నాలుగుతో భాగిస్తే 35.5. అలాగని సగం న్యూట్రాన్ ఉన్న క్లోరిన్ ఎక్కడా ఉండదు. క్రికెటర్ సగటు 35.5 అంటే వాడు ఏదో ఒక మ్యాచిలో అర పరుగు తీశాడని కాదుగా.

ఇప్పుడు బ్రోమిన్. బ్రోమిన్‌కు 79, 81 అని రెండే నిలకడైన ఐసోటోపులు, రెండూ దాదాపు చెరి సగం. సగటు తీస్తే 80 దగ్గర పడుతుంది, 80 మాత్రం అందులో లేదు! ఇద్దరు పిల్లల వయసులు 9, 11 అయితే సగటు 10, ఆ ఇంట్లో పదేళ్ల పిల్లాడు ఎవరంటే ఎవర్ని చూపిస్తాం? నేను చేసింది అదే. వెండి కూడా ఇలాంటిదే, చార్టులో 107.87 చూసి 108 అనుకుంటాం, ఉన్నవి 107, 109. రాగి 63.55, ఉన్నవి 63, 65, మధ్యలో 64 అనుకుని 35 న్యూట్రాన్లు అని రాస్తే, మీ ఇంట్లో కరెంటు తీగలోని ఏ రాగి పరమాణువుకూ ఆ లెక్క సరిపోదు, అక్కడ ఉన్నవి 34వో 36వో.

మరి పరీక్షలో ఏం చేయాలి? ప్రశ్నలో ద్రవ్యరాశి సంఖ్య ఇస్తే అదే వాడండి. ఇవ్వకుండా మూలకం పేరు ఒక్కటే ఇస్తే దగ్గరి పూర్ణాంకానికి సవరించి లెక్క చేయమనే వాళ్ల ఉద్దేశం, అలాగే చేయండి, మార్కులు పోగొట్టుకోవద్దు. కార్బన్ 12.01, ఆక్సిజన్ 16.00, సోడియం 22.99, అల్యూమినియం 26.98, ఇలాంటి వాటికి ఆ పద్ధతి నూటికి తొంభై తొమ్మిది పాళ్లు నిజం కూడా. బ్రోమిన్, వెండి, రాగి లాంటి చోట మాత్రం పక్కన చిన్నగా "సగటు ప్రకారం" అని రాసుకోవడం నా అలవాటు. నా ఉద్దేశంలో పుస్తకాలు ఇలాంటి మూలకాలను ఈ తరహా ప్రశ్నకు ఎంచుకోకుండా ఉండటమే మేలు.

న్యూట్రాన్ ఒక్కటి పెరిగితే ఏమవుతుందో దగ్గర్నుంచి చూడాలంటే హైడ్రోజన్ కంటే మంచి ఉదాహరణ లేదు. మామూలు హైడ్రోజన్‌లో ఒక ప్రోటాన్, ఒక ఎలక్ట్రాన్, న్యూట్రాన్లు సున్నా. అసలు న్యూట్రానే లేకుండా బండి లాగించే నిలకడైన పరమాణువు ఇదొక్కటే. ఒక న్యూట్రాన్ చేరితే డ్యుటీరియం. పరమాణు సంఖ్య మారలేదు, 1, కాబట్టి అదీ హైడ్రోజనే, ఆక్సిజన్‌తో కలిస్తే అదీ నీళ్లే, కాకపోతే భారజలం. అణువు లెక్క చూస్తే మామూలు నీటికి 18, భారజలానికి 20. మామూలు నీళ్ల గ్లాసులో భారజలంతో చేసిన ఐసుముక్క వేస్తే తేలదు, అడుక్కి దిగిపోతుంది. ప్రకృతిలో ఆరు వేల పైచిలుకు హైడ్రోజన్ పరమాణువులకు ఒక్కటి డ్యుటీరియం, అది వేరు చేయడానికే భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరులో ఏకంగా ఒక భారజల కర్మాగారం ఉంది. రసాయనాలతో మామూలుగా విడదీయడానికి కుదరనంత దగ్గరి కవలలు కాబట్టే అంత యంత్రాంగం కావాల్సి వచ్చింది.

ఐదో మెట్టు: తిరగేసి చేయడం

ఇప్పటిదాకా మూలకం పేరు నుంచి మూడు లెక్కలూ తెచ్చాం. పోటీ పరీక్షల్లో ఎక్కువగా తిరగేసి అడుగుతారు: ప్రోటాన్లు 26, న్యూట్రాన్లు 30, ఎలక్ట్రాన్లు 23, ఇది ఏమిటి? వరస తప్పకుండా చేయండి. ముందు ప్రోటాన్లే చూడాలి, 26 అంటే ఇనుము, పేరు తేలిపోయింది, ఇక దాన్ని ఎవరూ మార్చలేరు. తర్వాత 26, 30 కలిపితే 56, ఇనుము 56. చివరగా 26 లోంచి 23 తీస్తే 3, ధనం 26, ఋణం 23, మిగులు ప్లస్ 3. జవాబు: ఇనుము 56, ప్లస్ 3 అయాన్. ఈ వరస మార్చి ఎలక్ట్రాన్ల దగ్గర మొదలుపెట్టినవాళ్లు 23 చూసి వనేడియం అంటారు.

ద్రవ్యరాశి సంఖ్య చూసి పేరు చెప్పడం కూడా అంతే ప్రమాదం. ఆర్గాన్ 40, పొటాషియం 40, కాల్షియం 40, మూడూ నిజంగా ఉన్నాయి. ప్రోటాన్లు 18, 19, 20, న్యూట్రాన్లు 22, 21, 20. మొత్తం 40కి 40, పేర్లు మాత్రం వేరు. వీటిని ఐసోబార్లంటారు.

ప్రోటాన్ల సంఖ్యే మారిపోయే సందర్భం

ఏ పరిస్థితిలోనూ మారదన్నాను కదా, రేడియోధార్మికత, అంటే నిలకడ లేని కేంద్రకం దానంతటదే మారిపోవడం, దాన్నుంచి మినహాయింపు. హైపర్ థైరాయిడ్, అంటే థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసే జబ్బు, ఉన్నవాళ్లకు కొందరికి డాక్టర్లు అయోడిన్ 131 ఇస్తారు. మనం తినే ఉప్పు ద్వారా వచ్చేది అయోడిన్ 127, అందులో 53 ప్రోటాన్లు, 74 న్యూట్రాన్లు. ఆసుపత్రిలో ఇచ్చేదాంట్లో 53 ప్రోటాన్లు, 78 న్యూట్రాన్లు. థైరాయిడ్ గ్రంథికి ఈ తేడా తెలియదు. ప్రోటాన్లు 53 కాబట్టి ఎలక్ట్రాన్లూ 53కి తగ్గట్టే అమరుతాయి, రసాయన వ్యవహారమంతా ఆ బయటి ఎలక్ట్రాన్లదే, కాబట్టి గ్రంథి దాన్ని మామూలు అయోడిన్ అనుకునే లోపలికి లాక్కుంటుంది. లోపలికి వెళ్లాక ఆ అదనపు న్యూట్రాన్ల వల్ల నిలకడ లేక, ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారి, కేంద్రకం నుంచే ఒక ఎలక్ట్రాన్ బయటికి దూసుకొస్తుంది. ఆ దూసుకొచ్చేదే చుట్టుపక్కల థైరాయిడ్ కణాలను దెబ్బతీస్తుంది, చికిత్స అదే. ఎనిమిది రోజులకు సగం పరమాణువులు ఇలా మారిపోతాయి.

లెక్క చూడండి. ప్రోటాన్లు 53 నుంచి 54, న్యూట్రాన్లు 78 నుంచి 77, మొత్తం 131 అలాగే ఉంది. 54 అంటే ఇక అయోడిన్ కాదు, జినాన్, ఎవరితోనూ అంత తేలిగ్గా కలవని జడవాయువు.

మీరు చేయాల్సిన మూడు లెక్కలు

జవాబులు కిందే ఉన్నాయి, చేత్తో మూసుకుని చేయండి. ఒకటి, కాల్షియం 40, ప్లస్ 2. రెండు, ట్రిటియం, అంటే హైడ్రోజన్ 3. మూడు, 16 ప్రోటాన్లు, 16 న్యూట్రాన్లు, 18 ఎలక్ట్రాన్లు ఉన్నది ఏమిటి?

మొదటిదానికి ప్రోటాన్లు 20, న్యూట్రాన్లు 20, ఎలక్ట్రాన్లు 18. రెండోదానికి ప్రోటాన్ 1, ఎలక్ట్రాన్ 1, న్యూట్రాన్లు 2. మూడోది గంధకం 32, మైనస్ 2. ఆర్గాన్ అని రాసినవాళ్లు మూడో మెట్టు దగ్గరికి మళ్లీ వెళ్లండి.